కుడివైపు అరిగిన టైరు

వన్ టౌన్, విశాఖపట్నం
15 ఫిబ్రవరి 1982

సన్యాసిరాజుకు,

ఇక్కడ అంతా మామూలే. పోర్టులో డ్యూటీ, ఇల్లు, మళ్ళీ డ్యూటీ.

నిన్న ఆదివారం రత్నాన్ని చూడటానికి వస్తానని రాశాను. రాలేకపోయాను. బండి టైర్లు రెండూ పోయాయి. ముందుది కొంత నయం. వెనకది గుండైపోయింది. మధురవాడ దాటాక రోడ్డు మీద కంకర పోశారని విన్నాను. ఈ టైర్లతో తగరపువలస దాకా రావడం మంచిది కాదు. కొత్తవి వేయించాక వస్తాను. దానికి చెప్పు.

మొన్న డ్యూటీ దిగి బీచి రోడ్డు మీదుగా వచ్చాను. పొగమంచు. సముద్రం కనిపించలేదు, చప్పుడు మాత్రం ఉంది. లంగరు వేసిన ఓడల దీపాలు ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలబడి ఉన్నాయి. మీ అక్క వాటిని చూసినప్పుడల్లా ఒకటే మాట అనేది. ఎప్పుడైనా పడవెక్కి ఆ దీపాల దాకా వెళ్ళి రావాలని. మలుపు దగ్గర అలవాటుగా "పట్టుకో" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. బండి ఆపలేదు.

చలి తగ్గేదాకా రత్నానికి పొద్దున్నే తలస్నానం వద్దని అసిరమ్మకు చెప్పు.

శ్రీరామ్మూర్తి


తగరపువలస
21 ఫిబ్రవరి

బావకి దణ్ణాలు.

ఉత్తరం అందింది. నువ్వు రానన్న ముక్క మంగళవారం వొచ్చింది. ఆదివారం మటుకు నీ కూతురు కొత్త పరికిణీ కట్టుకుని పొద్దున్నుంచీ గుమ్మంలోనే కూకుంది. రోడ్డు మీద ఏ మోటారుసైకిలు చప్పుడైనా లేచి నిలబడ్డం, "ఇది నాన్నది కాదు మావా, నాన్నది ఇలాగ దగ్గదు" అని మళ్ళీ కూకోడం. మీ సెల్లెలు అసిరమ్మ మాంసం వొండి, సాయంత్రం దాకా నీకోసం మూతెట్టి ఉంచింది. ఆకరికి నానే తిన్నాను. బాగుంది.

టైర్లు లేకపోతే బస్సు లేదా బావా? బస్సుకి టైర్లు గవర్నమెంటోడే ఏయిత్తాడు. నీకేటి బెంగ?

కోప్పడకు. అక్క పోయి ఆర్నెల్లయింది. పిల్లని నాలుగు రోజులు ఉంచుతానని అట్టుకొచ్చేను. ఉంచడం నాకు బరువు కాదు. నాకున్నోళ్ళిద్దరూ మొగపిల్లలే. అసిరమ్మ దానికి జడేసినప్పుడు దాని మొకం సూడాల. కానీ పిల్ల రోజులు లెక్కెడుతుంది బావా, పైకి సెప్పదు.

ఒక్క మాట. టైర్లు కొంటే మీ సందు సివర పీర్ మహమ్మద్ కొట్లోనే కొను. ఇంకే కొట్టుకీ ఎల్లకు.

సన్యాసిరాజు

నాన్నా, టైర్లు కొన్నావా? — రత్నం


వన్ టౌన్
13 మార్చి

సన్యాసిరాజుకు,

డాబాగార్డెన్స్‌లో రెండు షాపులు తిరిగాను. జావా బండి సైజు దొరకడం కష్టంగా ఉంది. ఒకతని దగ్గర ముందు టైరు ఉంది, నిలువు గీతలది. వెనక్కి బటన్లు ఉన్నది కావాలి, అది లేదు. రెండో అతని దగ్గర రెండూ ఉన్నాయి గానీ బిల్లు ఇవ్వనంటాడు, పైన అడుగుతాడు. ఆఫీసులో అడ్వాన్సు తీసుకుంటే కొనవచ్చు. తొందరపడలేదు.

రీబటన్ చేయిస్తే సగం ధరలో అవుతుందని ఆఫీసులో అన్నారు. వెనక చక్రం విప్పించి టైరు తీసుకెళ్ళాను. అక్కడ పాత రబ్బరును యంత్రం మీద గీకి నున్నగా చేసి, దాని మీద కొత్త రబ్బరు వేస్తారు. నా ముందు వేరే వాళ్ళ టైరు గీకుతున్నారు. నల్లటి పొడి నేల మీద పడుతోంది. నా వంతు వచ్చింది. అతను టైరు అందుకుని తిప్పి చూశాడు.

దాని కుడివైపు పూర్తిగా అరిగిపోయింది. ఎడమవైపు బటన్లు ఇంకా ఉన్నాయి. కారణం నీకు తెలుసు.

మళ్ళీ వస్తానని చెప్పి టైరు తీసుకుని వచ్చేశాను. అదే బిగించి నడుపుతున్నాను.

పీర్ మహమ్మద్ షాపుకు వెళ్ళలేదు. సాయంత్రాలు మీ అక్క ఆ షాపు వెనక వాకిట్లో అతని భార్య జమాలున్నీసాతో కూర్చునేది. నేను ఆ దారిన వెళ్ళడం మానేశాను. కోట వీధి నుంచి చుట్టూ తిరిగి వస్తున్నాను. దూరం కాదు.

రత్నానికి జామెట్రీ బాక్సు పార్సిల్ చేశాను.

శ్రీరామ్మూర్తి


తగరపువలస
4 ఏప్రిల్

బావకి,

టైరు కుడిపక్కకి ఎందుకరిగిందో నాకు తెలవకపోడమేటి! ఊరంతటికీ తెలుసును. అక్క ఎనకాల ఎడంపక్కకి కాళ్ళేలాడేసుకుని, ఒళ్ళో సంచీ, సంచీలో వంకాయలు, పక్కన కొబ్బరికాయలు. ఆ బరువుకి నువ్వు కుడిపక్కకి ఒరిగిపోయి తోలీవోడివి. మా మిల్లు గేటు కాడ అర్జునరావు లేడా, పంక్చర్లేసీవోడు? మీ బండి మలుపులో కనబడగానే "అదిగో, ఒంగిన తాటిచెట్టు ఒచ్చేస్తంది" అనీవోడు. అక్కకి ఓసారి ఇనబడింది. బండి దిగి, వాడికి రెండు వంకాయలిచ్చి, "ఇవి తినీసి నోరు మూసుకో" అంది. వాడు ఇప్పటికీ ఆ మాట సెప్పి నవ్వుతాడు.

ఇప్పుడు అసలు సంగతి. రత్నం ఏడో తరగతి పరీచ్చలు రాసీసింది. బాగా రాసేనంటంది. ఇక్కడి బడిలో ఏడు వరకే ఉంది. ఎనిమిదికి హైస్కూల్లో సేర్చాల. మేస్టారు రెండుసార్లు కబురెట్టేరు. ఇక్కడి హైస్కూల్లో ఏసీమంటావా? లేపోతే టీసీ పుచ్చుకుని నీ కాడికి తోలీమంటావా? ఇక్కడ ఏసేమంటే పదో తరగతయ్యేదాకా ఇక్కడే బావా. మజ్జిలో తియ్యడం బాగోదు.

అది ఏమీ అడగదు. సాయంత్రం పూట నా సైకిలు సీటు తుడుత్తాది. ఎందుకే అంటే, "ఊరికే మావా" అంటాది.

జవాబు రాయి. పీర్ మహమ్మద్ కొట్టుకి ఎల్లమన్నాను కదా, ఎల్లేవా?

సన్యాసిరాజు

నాన్నా, జామెట్రీ బాక్సు బాగుంది. టైర్లు కొన్నావా? — రత్నం


వన్ టౌన్
2 మే

సన్యాసిరాజుకు,

జవాబు ఆలస్యమైంది. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

మద్రాసు నుంచి స్టాకు వస్తుందని ఒక షాపతను చెప్పాడు. ఈ నెలాఖరుకు రావచ్చు. ముందు టైరు ఒక కంపెనీది, వెనక టైరు ఇంకో కంపెనీది వేయవచ్చునా అని ఆఫీసులో ఒకరిని అడిగాను. వేయవచ్చు, గాలి సరిగా చూసుకోవాలి అన్నాడు. ముందు కొంచెం తక్కువ, వెనక ఎక్కువ. ఇద్దరు ఎక్కితే వెనక ఇంకా ఎక్కువ. ఒక్కడినే కాబట్టి నాకు ఆ లెక్క అక్కర్లేదు.

ఓడలకెత్తే ఇనప ఓర్ దుమ్ము ఈ ఏడు బాగా పడుతోంది. పోర్టు నుంచి గాలి ఇటు తిరిగితే కిటికీలు, బిందెలు, అరుగు, అన్నీ ఎర్రబడతాయి. బండి సీటు ముందు సగం నల్లగా ఉంటుంది, రోజూ నేను కూర్చుంటాను కాబట్టి. వెనక సగం ఎర్రగా ఉంటుంది. రెండింటి మధ్య గీత గీసినట్టు ఉంటుంది. ఒకసారి తుడుద్దామని గుడ్డ తీసుకున్నాను. తుడవలేదు.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్ళి కూర్చుంటున్నాను. ఐసు దించే చప్పుడు, వేలం పాట, వాటి అవతల నీళ్ళు. పడవల పక్కలకు పాత టైర్లు వేలాడగట్టారు, గోడకు తగిలినా దెబ్బ తగలకుండా. అల వచ్చినప్పుడు పడవ టైరును గోడకేసి మెల్లగా నొక్కుతుంది. అల పోతే వదిలేస్తుంది. చాలాసేపు అదే చూస్తాను. నిద్రలో ఉన్నానో మెలకువగా ఉన్నానో తెలియని సమయం అది. భుజం మీద చెయ్యి ఉన్నట్టే ఉంటుంది. అప్పుడు లేచి వచ్చేస్తాను.

స్కూలు సంగతి మీరు ఎలా బాగుంటుందనుకుంటే అలా చేయండి.

శ్రీరామ్మూర్తి


తగరపువలస
16 మే

బావా,

నీ ఉత్తరం వొచ్చినప్పుడు నాను మిల్లులో ఉన్నాను. రత్నం ఇప్పి సదివీసింది. సదివి, ఉన్న మడతలోనే మళ్ళీ మడతెట్టి నాకిచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే బాగున్ను. రాత్రి కంచం ముందు కూకుని, "మావా, నాన్నకి టైర్లొద్దేమో" అంది.

దానికి ఏటని సెప్పమంటావు? నువ్వే సెప్పు, బీయస్సీ సదివినోడివి.

ముందు టైరు గురించి రాసేవు. ఎనక టైరు గురించి రాసేవు. గాలి గురించి రాసేవు, దుమ్ము గురించి రాసేవు. పిల్ల గురించి ఆకర్న ఒక్క ముక్క. మీరెలా అనుకుంటే అలాగట! నాను అనుకోడానికి అది నా పిల్లా? నాకు పిల్ల సేదు కాదు, అసిరమ్మయితే ఉంచీమని ఏడుస్తంది కూడాను. కానీ అది నీ కాడికి రావాలని సూస్తంది బావా. ఇంకో రెండేళ్ళకి సూడ్డం మానేస్తాది. అప్పుడు నువ్వు బంగారం టైర్లేసుకుని వొచ్చినా ఎక్కదు.

నీ బాద నాకు తెలవదనకు. నీకు పెళ్ళాం, నాకు అక్క. నన్ను ఎత్తుకుని పెంచింది.

జూన్ పద్నాలుగుని బళ్ళు తెరుస్తారు. ఆ ముందు ఆదివారం లోగా నువ్వు రాకపోతే ఇక్కడే హైస్కూల్లో ఏసేస్తాను. మాటంటే మాటే.

ఆకరిసారి సెప్తన్నాను. పీర్ మహమ్మద్ కొట్టుకి ఎల్లు. ఎందుకని అడక్కు. నాను ఒకరికి మాటిచ్చేను, అందుకే సెప్పలేకుండా ఉన్నాను. నీ కాళ్ళట్టుకుంటాను, ఒక్కసారి ఎల్లు.

సన్యాసిరాజు


వన్ టౌన్
2 జూన్

సన్యాసిరాజుకు,

వెళ్ళాను.

నిన్న సాయంత్రం కోట వీధి వైపు తిరగకుండా తిన్నగా సందు చివరికి బండి నడిపించాను. పీర్ మహమ్మద్ పంక్చరు వేస్తున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని లేచాడు. జావాకు రెండు టైర్లు కావాలి, ఏవి ఉన్నాయి, ధర ఎంత అని అడిగాను. అతను లోపలికి తిరిగి, "సుంతీహో, మూర్తిగారు వొచ్చారు" అని భార్యను కేక వేశాడు.

జమాలున్నీసా గడప దాకా వచ్చి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమే మొదలుపెట్టింది.

"రెండుసార్లు మీ గుమ్మం దాకా వొచ్చాను భాయ్‌సాబ్. తలుపు తియ్యలేదు."

"తెలుసు" అన్నాను.

"ఇంకో మాటు రావాలంటే కాళ్ళు రాలేదు. మీరే వొస్తారని చూశాం. మీరేమో ఊళ్ళో షాపులన్నీ తిరుగుతున్నారని ఈయనకి ఎవరో చెప్పారు. ఈయన అన్నం తినలేదు ఆ రోజు."

"తిన్నాను, కొంచెం తిన్నాను" అన్నాడు పీర్ మహమ్మద్. అతను నిచ్చెన వేసి అటక ఎక్కాడు. రెండు టైర్లు దించాడు. కాగితం చుట్టినవి. కాగితం మీద ఎర్రదుమ్ము. ముందుకు నిలువు గీతలది, వెనక్కి బటన్లది. ఒకే కంపెనీ. జావా సైజు.

సందులో ఆడవాళ్ళ చీటీ జమాలున్నీసా దగ్గర నడుస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. మీ అక్క తాయారు అందులో ఉందని తెలియదు. పోయిన ఏడు ఉగాదికి పాట తన పేర వచ్చిందట. ఆ డబ్బు ఇంటికి తేలేదు. అక్కడే పీర్ మహమ్మద్ చేతిలో పెట్టి, ఈ సైజు స్టాకు వస్తే తీసి ఉంచమన్నదట. ఆషాఢంలో స్టాకు వచ్చింది. అప్పటికి తను మంచం మీద ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే వొద్దంటారని. ఇంకో ఏడాది తిరుగుతాయిలే అంటారని. మీ గొంతు పెట్టి మరీ చెప్పింది" అంది జమాలున్నీసా. అచ్చంగా అదే అనేవాణ్ణి.

"అసలు ఎందుకు కొన్నది?"

"బేటీ పెద్దదవుతోంది, నా పని అయిపోయింది, ఇంక ఆ సీటు దానిదే అంది. వానాకాలం స్కూలుకి దింపాలంటే ఆ టైర్లతో నా పిల్లని ఎక్కనివ్వను అంది. నవ్వుతూనే అంది భాయ్‌సాబ్. అప్పుడు ఒంట్లో బాగానే ఉంది."

నేను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. పీర్ మహమ్మద్ చక్రాలు విప్పడం మొదలుపెట్టాడు. ట్యూబులకు, బిగింపుకు మాత్రం డబ్బు ఇచ్చాను. టైర్లకు ఇవ్వబోతే వెనక్కి నెట్టాడు. "అవి ఎప్పుడో ముట్టాయి" అన్నాడు. పాతవి ఇస్తే హార్బరు వాళ్ళు తీసుకుంటారన్నాడు. ముందుది ఇచ్చాను. వెనకది ఇంటికి తెచ్చాను. అతని కొట్లో హిందువుల కోసం ఒక డబ్బాలో నిమ్మకాయలు ఉంటాయి. రెండు తీసి చక్రాల కింద పెట్టి, "నడపండి" అన్నాడు. నడిపాను.

నీకు ముందే తెలుసు. ఒట్టు పెట్టించుకున్నది ఎవరో అడగను.

ఆదివారం పొద్దున వస్తున్నాను. టీసీ తీసి ఉంచు. ఇక్కడ చేర్పిస్తాను.

శ్రీరామ్మూర్తి

రత్నానికి: టైర్లు వేయించాను. కొన్నది మీ అమ్మ.


తగరపువలస
9 జూన్

బావకి దణ్ణాలు.

సేమంగా సేరేరని కార్డు ముక్క అందింది. నాలుగు మాటలు రాసేవు. నీకది శానా ఎక్కువే.

మీరెల్లిపోయేక ఇల్లు బోసిపోయింది. అసిరమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది. పిల్ల ఎల్లిపోయిందని కాదు. ఎల్లిన పద్దతికి! "ఆడపిల్ల, పరికిణీ ఎగదోపుకుని, మొగరాయుడిలాగ రెండుపక్కలా కాళ్ళేసుకుని కూకుంటాదా? అక్క ఎలాగ కూకునీదో తెలీదా?" అని మీ ఎదరే అరిసింది కదా. దానికి నీ కూతురేటంది? "అమ్మ సీరకి అది తప్పదు అత్తా, నాకేటి?" అంది. మిల్లు గేటు కాడ అర్జునరావు సూసి, పంపు వొదిలీసి సెయ్యెత్తి దణ్ణమెట్టేడు. "తాటిచెట్టు తిన్నగయిపోయిందిరా" అన్నాడు.

కానీ తిన్నగవలేదు బావా. నాను ఎనకాల్నుంచి సూస్తనే ఉన్నాను. బండి తిన్నగానే ఎల్తంది, నువ్వు మటుకు కుడిపక్కకి ఒరిగే ఉన్నావు. మలుపు తిరిగే దాకా.

అక్క నా సేత ఒట్టేయించుకుంది. టైర్లు ఎక్కించీదాకా బావకి సెప్పొద్దంది. ఎక్కించేక నీ మొకం సూడాలనంది. అదే మాట అట్టుకుని ఊరుకున్నాను. తను లేనప్పుడు ఆ ఒట్టుకి అర్థమేటని రోజూ అనుకునీవోణ్ణి. కానీ అదొక్కటే మిగిలింది నా కాడ. ఒదల్లేకపోనాను.

సన్యాసిరాజు


వన్ టౌన్
11 జూలై

సన్యాసిరాజుకు,

రత్నం ఎనిమిదిలో చేరింది. రోజూ పొద్దున నేనే దింపుతున్నాను. వానలు మొదలయ్యాయి. టైర్లు పట్టు బాగుంది.

నువ్వు చూసింది నిజమే. ఆ రోజు ఆనందపురం దాకా అలాగే నడిపాను. నాకు తెలియలేదు. వెనక నుంచి రత్నం వీపు మీద వేలితో పొడిచి, "అటు ఒరిగిపోతన్నావేటి నాన్నా, తిన్నగా కూకో" అంది. నీ ఇంట్లో భాష బాగా పట్టుబడింది దానికి. తిన్నగా కూర్చున్నాను. కాసేపటికి మళ్ళీ ఒరిగాను. మళ్ళీ పొడిచింది. మధురవాడ వచ్చేసరికి పొడవడం ఆట అయిపోయింది. కంకర రోడ్డు మీద వాన చినుకులు పడ్డాయి. అది నా వీపుకు ముఖం ఆనించి నిద్రపోయింది. నేను నెమ్మదిగా నడిపాను. ముందు మబ్బు, దాని కింద సముద్రం, ఎక్కడ ఏది ఆగిందో తెలియదు. ఆ దారి ఇంకొంచెం ఉంటే బాగుండుననిపించింది. నా వెనక బరువు ఒకరిదో ఇద్దరిదో చాలాసేపు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

ఇంటి దగ్గర దిగాక చూసుకుంటే దాని పరికిణీ వెనకంతా ఎర్రగా ఉంది. సీటు రెండు సగాలూ నల్లగా ఉన్నాయి. అది పరికిణీ దులుపుకుని లోపలికి పోయింది. ఇంక ఆ సీటు రోజూ అదే తుడుస్తోంది.

పాత టైరు గోడకు ఆనించి ఉండేది. నిన్న రత్నం, "ఇదేం చేస్తాం నాన్నా?" అంది. హార్బరులో పడవల సంగతి చెప్పాను. తెల్లవారకముందే లేచి నన్ను లేపింది. టైరును మెడలో దండలా వేసుకుని వెనక కూర్చుంది. హార్బరులో దేముడమ్మ అనే ఆవిడ పడవ ఉంది. టైరుకు బదులు నాలుగు కానాగంత చేపలు ఇస్తానంది. "మా అమ్మ టైరు, ఐదియ్యి" అని రత్నం బేరమాడింది. ఇచ్చింది.

అరిగిన వైపు బయటికి ఉండేలా నా చేత్తోనే కట్టాను. వెలుగు రాకముందే పడవ వెళ్ళింది. లంగరు వేసిన ఓడల వైపు వెళ్ళి, వాటి దీపాల మధ్య కనిపించకుండా పోయింది. రత్నం చేపలు పట్టుకుని నిలబడి చూసింది. పడవ రేపు మళ్ళీ వెళుతుందట, ఎల్లుండీ వెళుతుందట.

కోట వీధి నుంచి కాకుండా సందు లోంచే ఇంటికి వచ్చాము. జమాలున్నీసాకు రెండు చేపలు ఇచ్చాము.

అసిరమ్మను దసరాకు తీసుకురా. బస్సులో వద్దు, నేనే వచ్చి ఒకరి తర్వాత ఒకరిని తీసుకువస్తాను.

ఈ పొద్దున వాన ఆగాక బండి తుడుస్తూ వెనక టైరు చూశాను. కొత్త బటన్ల మీద అరుగు కొంచెంగా మొదలైంది. నడిమధ్యన అరుగుతోంది.

శ్రీరామ్మూర్తి